ఆర్కిటిక్ ఓడ ఎక్కితే తిమింగలం కనిపిస్తుందా? ఒంగోలు నుంచి వచ్చిన ప్రశ్నకు నా జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఒంగోలులో ఉంటున్న అమ్మానాన్నలని వచ్చే వేసవిలో ఆర్కిటిక్ సముద్రంలో నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల ఓడ ప్రయాణానికి తీసుకెళ్ళాలని ఒక అమ్మాయి అనుకుంటోంది. నాన్నగారికి తిమింగలాన్ని కళ్ళారా చూడాలని ఎప్పటి నుంచో ఆశ. అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, శాకాహారం, సముద్రం పడుతుందో లేదో తెలీదు. ఏ నెలలో వెళ్ళాలి, ఎలాంటి ఓడ, ఏ కేబిన్, ఇన్ని లక్షలు పోస్తే తిమింగలం కనిపిస్తుందన్న గ్యారంటీ ఉందా అని అడిగింది.

అమ్మా, మాది కావలి దగ్గర. మర్చంట్ నేవీ నుంచి మారి చాలా వేసవులు ఆర్కిటిక్ ఎక్స్‌పెడిషన్ ఓడల్లో డెక్ ఆఫీసరుగా చేశాను. ఓడ నడిపే బ్రిడ్జ్ మీద వాచ్‌లో ఉండేవాళ్ళకే చాలాసార్లు తిమింగలం ముందు కనపడుతుంది. అందుకని బ్రోషర్లో ఉండే సంగతులు వదిలేసి, అక్కడ నిలబడి చూసినవే చెప్తాను.

గ్యారంటీ మాట ముందు తేల్చేద్దాం. ఎవరూ ఇవ్వలేరు. ఇస్తామన్న ఏజెంటు దగ్గర మాత్రం బుక్ చెయ్యకండి. కానీ జూలైలోనో ఆగస్టు మొదట్లోనో, తొమ్మిది పది రోజుల ప్రయాణంలో, రోజూ కొన్ని గంటలు డెక్ మీద నిలబడి సముద్రాన్ని చూసే ఓపిక ఉంటే, ఏదో ఒక తిమింగలం కనిపించే అవకాశం బాగానే ఉంది. నేను ఎక్కువ బరువు పెట్టేది ఆ నిలబడటం మీదే. ఒకే ఓడలో, ఒకే రోజు, ఒకాయన ఎన్నో చూసి మురిసిపోతాడు, పక్క కేబిన్ ఆయన ఒక్కటీ చూడలేదని బాధపడతాడు. రెండో ఆయన భోజనాల హాల్లోనో, ఫోన్లో ఫొటోలు సర్దుకుంటూనో ఉండి ఉంటాడు. మైకులో చెప్పాక కోటు, బూట్లు వేసుకుని పైకి వచ్చేసరికి తిమింగలం మునిగిపోతుంది. ఓడ, నెల, కేబిన్, సామాను అన్నీ ఆ డెక్ గంటలు పెరిగేలా ఎంచుకోవాలన్నదే నా సలహా మొత్తం.

అసలు అవి అక్కడికి ఎందుకొస్తాయో తెలిస్తే నెల సంగతి మీకే అర్థమవుతుంది. స్వాల్‌బార్డ్ ప్రధాన పట్టణం లాంగ్‌ఇయర్‌బైన్ 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ ఏప్రిల్ మూడో వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా సూర్యుడు అస్తమించడు. మంచు కరిగి, రాత్రీ పగలూ వెలుతురు పడేసరికి నీళ్ళలో కంటికి కనపడనంత చిన్న నాచు విపరీతంగా పెరుగుతుంది. దాన్ని తిని సన్నటి రొయ్యల్లాంటి జీవులు, వాటిని తిని చిన్న చేపలు పెరుగుతాయి. నీలి తిమింగలం, ఫిన్ వేల్, హంప్‌బ్యాక్, మింకీ ఈ తిండి కోసమే దక్షిణం నుంచి వేల కిలోమీటర్లు ఈదుకుంటూ వస్తాయి. మే నెలలో వెళ్తే మంచు అందంగా ఉంటుంది, తెల్లటి ధ్రువపు ఎలుగుబంట్లు కనపడే అవకాశం ఉంటుంది, కానీ ఈ పెద్ద తిమింగలాలు ఇంకా పూర్తిగా చేరి ఉండవు. మీ నాన్నగారి కోరిక తిమింగలం కాబట్టి జూన్ ఆఖరు నుంచి ఆగస్టు మధ్య దాకా చూడండి. అప్పుడు పొగమంచు బెడద కూడా ఉంటుంది. ఒక్కోసారి సగం రోజు ఏమీ కనపడదు. దానికి సిద్ధపడే వెళ్ళాలి.

ఇక చూడటం ఎలాగో చెప్తాను. ఇది నేర్చుకుని వెళ్ళినవాళ్ళకీ నేర్చుకోకుండా వెళ్ళినవాళ్ళకీ చాలా తేడా ఉంటుంది.

చాలామంది తోక కోసమో, గాల్లోకి ఎగిరే తిమింగలం కోసమో వెతుకుతారు. మీరు వెతకాల్సింది ఊపిరి. తిమింగలం పైకి వచ్చి వదిలే గాలి చల్లటి వాతావరణంలో తెల్లటి ఆవిరిలా లేస్తుంది. ముందు బైనాక్యులర్స్ పక్కన పెట్టి, ఉత్త కళ్ళతో ఆకాశం సముద్రం కలిసే గీత నుంచి కాస్త కిందుగా, ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా చూపు జరపాలి. తెల్లగా ఏదైనా లేచి అక్కడే ఒక క్షణం నిలిచి, గాలివాటున చెదిరిపోతే అది అల నురగ అయ్యే అవకాశం తక్కువ. చూపు అక్కడే ఆపేసి మళ్ళీ లేచేదాకా ఆగండి. పెద్ద తిమింగలం సాధారణంగా కొన్నిసార్లు వరసగా ఊపిరి తీసుకున్నాకే లోతుకి వెళ్తుంది. రెండోసారి లేచినప్పుడు బైనాక్యులర్స్ ఎత్తండి.

పక్షులని కూడా గమనించండి. కిట్టీవేక్ అనే సముద్రపు కాకులు, ఫుల్‌మర్‌లు ఒకచోట గుంపుగా తిరుగుతూ నీళ్ళ మీదకి దిగుతున్నాయంటే కింద మేత ఉన్నట్టు. కొత్తపట్నంలో పడవ మీద వెళ్ళేవాళ్ళని అడగండి, పక్షులు మూగిన చోటుని బట్టి చేపల గుంపుని పసిగట్టడం వాళ్ళకి రోజూ పనే. ప్రయాణానికి ముందు మీ నాన్నగారిని నాలుగు ఆదివారాలు పొద్దున్నే కొత్తపట్నం బీచ్‌కో పాకల బీచ్‌కో బైనాక్యులర్స్ ఇచ్చి తీసుకెళ్ళండి. దూరంగా ఉన్న పడవని కంటితో చూసి, చూపు తిప్పకుండా బైనాక్యులర్స్‌ని కళ్ళకి ఆనించి, వెంటనే అదే పడవని పట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. వినడానికి చిన్న విషయం. కానీ ఓడ మీద "ఎక్కడ, ఎక్కడ?" అని వెతుక్కునేలోపు దృశ్యం అయిపోయేది ఈ అలవాటు లేకనే. కొనేటప్పుడు ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూపించే 8x42 రకం తీసుకోండి. అంతకంటే పెద్దది చేసి చూపించేవి కదిలే డెక్ మీద వణుకుతాయి.

గైడ్లు దిక్కుని గడియారం లెక్కలో చెప్తారు. ఓడ ముందు భాగం పన్నెండు, కుడి పక్క మూడు, వెనక ఆరు, ఎడమ పక్క తొమ్మిది. "రెండు గంటల వైపు" అంటే ముందుకి మొహం పెట్టి నిలబడి కాస్త కుడికి చూడాలి. మీరు ఎటు తిరిగి నిలబడ్డా లెక్క మాత్రం ఓడ ముందు భాగం నుంచే. ఈ ఒక్కటి అమ్మానాన్నలకి ఇంట్లోనే చెప్పి ఉంచండి.

ఏది ఏ తిమింగలమో గుర్తుపట్టడం మొదట కష్టమనిపిస్తుంది కానీ, ఊపిరి ఆకారమే సగం చెప్పేస్తుంది. నీలి తిమింగలానిది నిటారుగా, తొమ్మిది మీటర్ల దాకా లేచే స్తంభం. ఫిన్ వేల్‌ది కూడా పొడుగే, కాస్త తక్కువ. హంప్‌బ్యాక్‌ది పొట్టిగా, గుబురుగా ఉంటుంది. మింకీది చాలాసార్లు కనపడనే కనపడదు, నల్లటి వీపు, కొంకిలా వంగిన రెక్క మాత్రం ఒక్క క్షణం మెరిసి పోతాయి. మింకీ దగ్గరగా వస్తే దాని ఊపిరి వాసన మధ్యాహ్నం దాటిన చేపల మార్కెట్టే.

నీలి తిమింగలాన్ని దగ్గర నుంచి చూసే అదృష్టం కలిగితే ఆ వీపుని గమనించమని చెప్పండి. ముందు ఆవిరి, దాంతోపాటే కొలిమి తిత్తి ఒక్కసారిగా వదిలినట్టు ఒక శబ్దం. ఊపిరి రంధ్రాల ముందు గోడలా ఎత్తైన కండ. తర్వాత వీపు జారడం మొదలవుతుంది. బూడిద కలిసిన నీలం రంగు, దాని మీద మచ్చలు మచ్చలుగా తెలుపు. అది జారుతూనే ఉంటుంది, ఇంకా రెక్క రాదు. అయిపోయిందేమో అనుకునేసరికి తోకకి బాగా దగ్గరగా, ఆ శరీరానికి ఏమాత్రం సరిపోనంత చిన్న రెక్క కనిపిస్తుంది. 25 మీటర్ల ప్రాణి అది. అంత పొడవు ఒకేసారి ఎప్పుడూ బయటికి రాదు, జారిన సేపుని బట్టే మనకి దాని సైజు అర్థమవుతుంది. ఫిన్ వేల్ అయితే కుడి వైపు కింది దవడ తెల్లగా, ఎడమ వైపుది నల్లగా ఉంటుంది. అందుకే అది ఓడకి కుడి వైపు చూపిస్తూ పోతుంటే గైడ్లు దవడ చూడమని అరుస్తారు. ఫిన్ వేల్ మునిగేటప్పుడు తోక ఎత్తడం అరుదు. తోక ఎత్తి మునిగేది ఎక్కువగా హంప్‌బ్యాక్. ఆ తోక కింది నలుపు తెలుపు మచ్చలు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి, మన వేలిముద్రల లాగే. మీరు తీసిన తోక ఫొటో పరిశోధకులకి కూడా పనికొస్తుంది.

ఇవన్నీ వేసవి చుట్టాలు. ఏడాది పొడుగునా అక్కడే ఉండేవి బెలూగా, నార్వాల్, బోహెడ్. వీటికి వీపు మీద రెక్క ఉండదు. మంచు కింద ఈదాల్సిన జీవులకి అది లేకపోవడమే మేలు. స్వాల్‌బార్డ్‌లో బెలూగాలు తీరం వెంబడి, హిమనీనదాలు సముద్రంలో కలిసే చోట్ల వరసగా పోతుంటాయి. పెద్దవి పాల తెలుపు, పిల్లలు బూడిద రంగు. అల నురగ చెదిరిపోతుంది, బెలూగా వీపు మాత్రం గుండ్రంగా లేచి అదే తీరుగా మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. కొమ్ములాంటి దంతం ఉన్న నార్వాల్ కోసం అయితే స్వాల్‌బార్డ్ మీద ఆశ పెట్టుకోవద్దు. దానికి కెనడా ఉత్తరాన లాంకస్టర్ సౌండ్ అనే జలసంధి వైపో, గ్రీన్‌లాండ్ వైపో వెళ్ళాలి.

బోహెడ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. రెండువందల ఏళ్ళకి పైగా బతకగల జంతువు. అలాస్కాలో 2007లో పట్టిన ఒక బోహెడ్ ఒంట్లో 19వ శతాబ్దపు ఈటె ముక్క దొరికింది. దాని కొవ్వు పొర దాదాపు అర మీటరు మందం. ఆ కొవ్వే దాని కొంప ముంచింది. 1596లో డచ్చి నావికుడు విల్లెం బారెంట్స్ బృందం స్వాల్‌బార్డ్‌లోని పెద్ద దీవి స్పిట్స్‌బెర్గెన్‌ని చూసి వెళ్ళాక, కొద్ది సంవత్సరాలకే ఐరోపా వేటగాళ్ళు వచ్చిపడ్డారు. బోహెడ్ నెమ్మదిగా ఈదుతుంది, చచ్చాక నీళ్ళ మీద తేలుతుంది. తెడ్ల పడవల వాళ్ళకి అంతకంటే ఏం కావాలి. నీలి తిమింగలం, ఫిన్ వేల్ వేగంగా పారిపోతాయి, చస్తే మునిగిపోతాయి కాబట్టి ఆవిరి ఓడలు, పేలే ఈటెలు వచ్చే 19వ శతాబ్దం దాకా తప్పించుకున్నాయి. ఆమ్‌స్టర్‌డామ్ ద్వీపంలోని స్మీరెన్‌బర్గ్‌లో డచ్చివాళ్ళు కొవ్వు కరిగించిన పొయ్యిల ఆనవాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. చిందిన కొవ్వు ఇసుక, గులకరాళ్ళతో కలిసి సిమెంటులా గట్టిపడి గుండ్రంగా నిలిచిపోయింది. వాతావరణం అనుకూలిస్తే చాలా ఓడలు అక్కడ ఆగుతాయి. ఒడ్డున కనపడే ఎముకల్ని, ఇనప ముక్కల్ని ముట్టుకోకూడదు. 1946కి ముందటి మనిషి ఆనవాళ్ళన్నీ అక్కడ చట్టం కింద రక్షితాలు. వేల సంఖ్యలో ఉన్న బోహెడ్‌లు ఆ వైపు ఇప్పుడు కొన్ని వందలే మిగిలాయి, అవీ మంచు అంచుల్లోనే తిరుగుతాయి. చాలా ప్రయాణాల్లో కనపడవు. ఇంగ్లీషు 'వి' అక్షరంలా రెండుగా చీలిన ఊపిరి, తెల్లటి గడ్డం కనిపిస్తే మాత్రం మీ నాన్నగారిని ఫొటోల సంగతి మర్చిపోయి చూడమనండి.

ఓడ ఎంపికకి వద్దాం. 2025 జనవరి నుంచి స్వాల్‌బార్డ్ రక్షిత ప్రాంతాల్లోకి 200 మందికి మించి ప్రయాణికులున్న ఓడల్ని రానివ్వడం లేదు. దిగే చోట్లని కూడా పరిమితం చేశారు. కాబట్టి వేలమంది ఎక్కే పెద్ద క్రూజ్‌లు వద్దు. వంద, నూటయాభై మంది ఎక్కే ఓడ చూడండి. మూడు విషయాలు ఏజెంటుని రాతపూర్వకంగా అడగండి. బ్రిడ్జ్ మీదకి ప్రయాణికుల్ని రానిస్తారా? ఓడ ముందు భాగానికి, చుట్టూ డెక్‌కి ఎప్పుడైనా వెళ్ళొచ్చా? తిమింగలాల మీద పనిచేసిన గైడ్ ఒకరైనా ఉన్నారా? ఈ మూడింటికీ అవునంటే స్విమ్మింగ్ పూల్, స్పా లేకపోయినా పర్వాలేదు. ప్రయాణ మార్గంలో స్పిట్స్‌బెర్గెన్ పడమటి తీరానికి అవతల లోతు మొదలయ్యే అంచు, ఉత్తరాన మంచు అంచు రెండూ ఉండేలా చూడండి. ఫిన్ వేల్, నీలి తిమింగలం ఎక్కువగా తగిలేది ఆ లోతు అంచులోనే. నాలుగైదు రోజుల ప్యాకేజీలో కెప్టెన్‌కి అక్కడ తిరిగే తీరిక దొరకదు.

కేబిన్ విషయంలో నా అభిప్రాయం గట్టిది. బాల్కనీ కేబిన్‌కి డబ్బు పెట్టొద్దు. బాల్కనీ నుంచి సముద్రంలో ఒక పక్కే కనిపిస్తుంది, తిమింగలం రెండో పక్కన లేస్తుంది. కింది డెక్‌లో, ఓడ మధ్య భాగంలో ఉన్న చవక కేబిన్ తీసుకోండి. అక్కడ ఊపు కూడా తక్కువ, అమ్మగారికి హాయి. మనిషికి విమానం కాకుండా అయిదారు లక్షల నుంచి మొదలై పది లక్షలు దాటే వ్యవహారం ఇది. కేబిన్‌లో మిగిల్చిన డబ్బుతో ఇంకో రెండు మూడు రోజులు ఎక్కువ ఉండే ప్రయాణం వస్తుంది.

అమ్మగారి మోకాళ్ళ గురించి మీరు అంత టెన్షన్ పడక్కర్లేదు. ఒడ్డుకి వెళ్ళడానికి జోడియాక్ అనే రబ్బరు పడవ ఎక్కాలి. ఓడ పక్కన దించిన మెట్ల మీదుగా దిగి, పడవలో ఉన్న మనిషి మణికట్టుని మీరు, మీ మణికట్టుని ఆయన పట్టుకుని, పడవ అంచు మీద అడుగేసి కూర్చోవాలి. ఒడ్డున దిగేటప్పుడు కాళ్ళు అంచు మీద నుంచి తిప్పి పిక్కల్లోతు నీళ్ళలో పెట్టాలి. అది ఆవిడకి కష్టం కావచ్చు. కానీ పెద్ద తిమింగలాలు చాలావరకు ఓడ మీద నుంచే కనిపిస్తాయి, దిగకపోయినా ఆ భాగంలో ఆవిడకి ఏ లోటూ ఉండదు. అందరూ దిగిపోయాక ప్రశాంతంగా ఉన్న డెక్ మీద కుర్చీ వేసుకుని కూర్చున్నవాళ్ళు ఫియోర్డ్‌లో, అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో, బెలూగాల్ని చూసిన సందర్భాలు నాకు తెలుసు.

సముద్రం పడటం గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఫియోర్డుల లోపల నీళ్ళు చాలావరకు నిమ్మళంగా ఉంటాయి. తిమింగలాల కోసం వెళ్ళే బయటి సముద్రంలోనే ఊపు ఉంటుంది. మందు వాంతులు మొదలయ్యాక వేసుకుంటే పనిచెయ్యదు, బయటి సముద్రంలోకి వెళ్ళే ముందే వేసుకోవాలి. మన దగ్గర అందరికీ తెలిసిన అవొమిన్ నిద్రమత్తు తెస్తుంది. గ్లకోమా, ప్రోస్టేట్ సమస్యలున్నవాళ్ళకి అది పడదు కూడా. ఇద్దరూ ఏ మందు వేసుకోవచ్చో ఒంగోలులో మీ డాక్టర్‌ని అడిగి రాయించుకోండి. వికారంగా ఉంటే కేబిన్లో పడుకోకుండా డెక్ మీదకొచ్చి దూరంగా ఆకాశపు గీతని చూడటం మంచిది. ఇక్కడ కూడా డెక్కే.

శాకాహారం బుకింగ్ ఫారంలోనే రాయండి. "చేప, గుడ్డు కూడా తినరు" అని విడిగా చెప్పండి, లేకపోతే చేపని శాకాహారం లెక్కలో పెట్టేవాళ్ళు ఉన్నారు. అన్నం, బ్రెడ్, కూరగాయలు, సూపులకి కొదవ ఉండదు. కందిపొడి, గోంగూర పచ్చడి బాగా సీల్ చేసిన ప్యాకెట్లలో తీసుకెళ్ళండి, మూడో రోజుకి వాటి విలువ తెలుస్తుంది.

బట్టల విషయంలో ఒకటే సూత్రం: ఒంటికి ఆనుకుని కాటన్ వద్దు. చెమటకి తడిస్తే ఆరదు, చలి పట్టేస్తుంది. లోపల ఉన్ని ఇన్నర్లు, మధ్యలో ఫ్లీస్, పైన గాలి, నీళ్ళు చొరబడని కోటు, ప్యాంటు. జూలైలో ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలే అయినా డెక్ మీద గాలికి అది సున్నా కింద ఉన్నట్టే తగులుతుంది. పల్చటి గ్లౌజుల మీద మందపాటివి వేసుకుంటే కెమెరా నొక్కేటప్పుడు పైవి తీస్తే సరిపోతుంది. రబ్బరు బూట్లు చాలా ఓడల్లో వాళ్ళే ఇస్తారు, కొనేముందు అడగండి. కెమెరా బ్యాటరీలు చలికి త్వరగా అయిపోతాయి, రెండోది లోపలి జేబులో ఒంటి వేడి తగిలేలా పెట్టుకోవాలి. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి.

ఓడ తిమింగలం వెంట ఎందుకు పరిగెత్తడం లేదని కొంతమంది ప్రయాణికులు మా మీద చిరాకు పడేవాళ్ళు. వేగం తగ్గించి, పక్కనుంచి, ఇంజిన్ శబ్దం హఠాత్తుగా మార్చకుండా ఉంటే తిమింగలం తన మేత తను మేస్తుంది, కొన్నిసార్లు తనే దగ్గరికి వస్తుంది. వెంటపడితే మునిగి ఎటో పోతుంది. వేల మైళ్ళు ఈది తిండికి వచ్చిన జంతువుని తిననివ్వకుండా తరమడం నాకు తప్పుగానే అనిపిస్తుంది. కెప్టెన్ దూరం పాటిస్తున్నాడంటే మంచి ఓడ ఎక్కారని అర్థం. ఎలుగుబంటికి అయితే చట్టమే ఉంది: మార్చి 1 నుంచి జూన్ 30 దాకా 500 మీటర్లు, మిగతా కాలం 300 మీటర్లు దూరం ఉండాలి.

ఇంకో మాట కూడా చెప్పాలి. మీ నాన్నగారికి మంచు, హిమనీనదాలు, ఎలుగుబంటి అక్కర్లేదు, నీలి తిమింగలం ఒక్కటి చాలు అంటే ఇంత దూరం, ఇంత ఖర్చు అవసరం లేదు. శ్రీలంక దక్షిణ తీరంలో మిరిస్స ఉంది. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ పొద్దున్నే బయల్దేరే పడవల్లో నీలి తిమింగలాలని చూడొచ్చు. చెన్నై నుంచి కొలంబోకి విమానం గంటన్నర. చలి బట్టలు అక్కర్లేదు, భోజనం సమస్య లేదు. అక్కడ కూడా తరమని పడవని ఎంచుకోవాలి, అంతే. నిజం చెప్పాలంటే అమ్మగారికి సముద్రం పడుతుందో లేదో తేల్చుకోవడానికి ముందు మిరిస్స వెళ్ళి రావడమే తెలివైన పని. అక్కడ ఒక పూట ప్రయాణం తట్టుకోగలిగితే స్వాల్‌బార్డ్‌కి ధైర్యంగా డబ్బు కట్టొచ్చు.

వెళ్ళడం ఖాయమైతే వీసా జాగ్రత్త. స్వాల్‌బార్డ్‌కి విడిగా వీసా లేదు, కానీ అది ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల షెంగెన్ ప్రాంతంలో భాగం కాదు. నార్వే రాజధాని ఓస్లో నుంచి లాంగ్‌ఇయర్‌బైన్‌కి వెళ్తే షెంగెన్ దాటి బయటికి వెళ్ళినట్టు, తిరిగొస్తే రెండోసారి లోపలికి వచ్చినట్టు లెక్క. అందుకే కనీసం రెండుసార్లు ప్రవేశం ఉన్న షెంగెన్ వీసా అడగాలి. ఒక్క ఎంట్రీ వీసాతో వెళ్తే తిరుగు ప్రయాణంలో ఇరుక్కుపోతారు. మీ మార్గంలో నీ ఓలెసుండ్ అనే చిన్న పరిశోధన గ్రామం ఉంటే మన దేశం 2008లో అక్కడ ప్రారంభించిన హిమాద్రి పరిశోధన కేంద్రాన్ని బయట నుంచి చూడొచ్చు. ఆ ఊళ్ళో పరికరాలకి అడ్డు రాకుండా ఫోన్లలో వైఫై, బ్లూటూత్ ఆపెయ్యమంటారు.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఓడ మీద నుంచి హెలికాప్టర్లో ఆసుపత్రికి తరలించే ఖర్చు పాలసీలో స్పష్టంగా రాసి ఉందా అని చదవండి. లాంగ్‌ఇయర్‌బైన్‌లో ఉన్నది చిన్న ఆసుపత్రి, పెద్ద సమస్యైతే నార్వే ప్రధాన భూభాగానికి పంపిస్తారు. అమ్మగారి మోకాళ్ళు, ఇద్దరి బీపీ, షుగర్ ఏమున్నా దాచకుండా ఫారంలో రాయండి. ఓస్లో నుంచి లాంగ్‌ఇయర్‌బైన్‌కి బయల్దేరాల్సిన రోజు కంటే ఒక రోజు ముందే ఓస్లో చేరుకోండి. సామాను ఒక విమానంలో ఆగిపోయినా, ఓడ మాత్రం ఎవరి కోసమూ ఆగదు.